బెంచి గేటు దగ్గర పిహ్లా

ముప్ఫై ఏళ్లుగా ఫిన్లాండ్ ఆడపిల్లల ఐస్ హాకీ జట్లకు స్కేట్లు పదును పెడుతున్నాను. నా పేరు హెల్వి. పద్దెనిమిదేళ్లలోపు జట్టు పిల్లలు మాత్రం ‘అమ్మమ్మా’ అని పిలుస్తారు. నాకు ఒళ్లు మండుతుంది. అయినా పలుకుతాను.

ఆ ఏడు ప్రపంచ పోటీలు మా ఊరు కుఒపియోలోనే జరిగాయి. మాకు గోల్‌కీపర్లు ఇద్దరు. ఇన్కా ఆడేది, పిహ్లా గేటు తీసేది. నవ్వకండి, మా ఆటలో అదీ ఒక పనే. నిమిషానికోసారి మంచు మీది పిల్లలు అలిసిపోయి బెంచికి వస్తారు, కొత్తవాళ్లు వెళ్తారు. రెండో గోల్‌కీపర్ బ్లేడు అరగకుండా స్కేట్లకు ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని, బెంచి గేటు తీస్తూ మూస్తూ నిలబడాలి. ఆ గేటు మహా మొండిది. మోకాలితో కాస్త ఎత్తితేగాని గడియ రాదు. ఆ కిటుకు పిహ్లా ఒక్కదానికే తెలుసు.

మ్యాచ్‌లన్నీ అలాగే గడిచిపోయి, కంచు పతకం కోసం స్వీడన్‌తో ఆఖరిది మిగిలింది. వచ్చే ఏడాదికి పిహ్లాకు ఈ జట్టు వయసు దాటిపోతుంది. దేశం చొక్కా వేసుకుని ఒక్క నిమిషమైనా ఆడకుండానే వెళ్లిపోతుంది. పొద్దున కాఫీ దగ్గర అడిగింది.

“అమ్మమ్మా, నా స్కేట్లకి పదును పెట్టావా?”

“నిన్ననే పెట్టా కదే. గేటు తియ్యడానికి అంత పదునెందుకు?”

అనేసి నాలుక కరుచుకున్నాను. అది మాత్రం నవ్వేసి, నా యాలకుల రొట్టెలో సగం లాక్కుపోయింది.

ఆ సాయంత్రం మ్యాచ్‌లో మేం రెండు గోల్స్, వాళ్లు ఒకటి. ఇంకా తొమ్మిది నిమిషాలున్నాయనగా ఇన్కా స్కేటు బ్లేడు విరిగింది. కుంటుతూ బెంచికి వచ్చిపడింది.

“పిహ్లా! దిగు!” అని అరిచింది కోచ్ సీర్పా.

పిహ్లా గేటు తీసుకుని మంచు మీదికి ఉరికింది. ఉరికీ ఉరకగానే బోర్లా పడింది. తొడుగులు తియ్యలేదు! హాలంతా గొల్లున నవ్వింది. స్వీడన్ పిల్లలు కూడా కడుపు పట్టుకున్నారు. పిహ్లా అక్కడే కూర్చుని తొడుగులు పీకి నా ఒళ్లోకి విసిరి, తనూ నవ్వుకుంటూ గోలు దగ్గరికి వెళ్లింది.

నాలుగు నిమిషాల్లో కొత్త బ్లేడు బిగించాను. ఇన్కా స్కేటు తొడుక్కుంది గానీ లేవలేదు.

“హెల్వీ, అయ్యిందా?” సీర్పా ఆట మీంచి చూపు తిప్పకుండానే అడిగింది.

ఇన్కా నా మోచెయ్యి గిల్లింది. “అవ్వలేదు కదా అమ్మమ్మా?” అంది గుసగుసగా.

“బ్లేడు మర బిగుసుకుపోయింది,” అన్నాను. ముప్ఫై ఏళ్లలో పని విషయంలో నేనాడిన మొదటి అబద్ధం. ఓడిపోతే ఆ పాపం నాదే.

ఇన్కా పిహ్లా తొడుగులు తగిలించుకుని గేటు దగ్గర నిలబడింది. గడియ దానికి లొంగితేనా!

“త్వరగా తియ్యవే!”

“రావట్లేదే!”

“పిహ్లా ఎలా తీసేదే?”

“నాకేం తెలుసు? నేనెప్పుడూ బయటే కదా!”

పిల్లలు తిట్టుకుంటూ బెంచి ముందున్న నడుమెత్తు గోడ దూకి వచ్చారు.

ఆఖరి నిమిషంలో స్వీడన్ పిల్ల ఒకతి ఒంటరిగా దూసుకొచ్చింది. నేను కళ్లు మూసుకున్నాను. హాలు హోరెత్తింది. తెరిచి చూస్తే, పక్, ఆ నల్ల రబ్బరు బిళ్ల, పిహ్లా గ్లవ్‌లో ఉంది. ఏడ్చేశాను. చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

ఆట ముగిసినట్టు హారన్ మోగింది. పిల్లలంతా గోడ దూకి పిహ్లా మీద పడ్డారు. కాళ్లకు అంత లావు కవచాలతో ఇన్కా దూకలేదు. గడియతో కుస్తీ పడుతూ లోపలే ఉండిపోయింది. పిహ్లా ఆ గుట్ట కింది నుంచి పాక్కుంటూ బయటపడి, తిన్నగా గేటు దగ్గరికి వచ్చింది. గోడ మీంచి చెయ్యి పెట్టి గడియ పట్టుకుని, మోకాలితో గేటు ఎత్తి నెట్టింది.

“రావే, మొద్దూ.”

ఇన్కా ఒక్క ఉరుకు ఉరికింది. బోర్లా పడింది. మళ్లీ ఆ తొడుగులే! పిహ్లా నవ్వు ఆపుకోలేక దాని మీదే పడింది.

సీర్పా ఇన్కా కాళ్ల వైపు చూసి, నా వైపు తిరిగింది.

“హెల్వీ, బ్లేడు లేని స్కేటుకి తొడుగెలా పట్టింది?”

నేను జేబులోంచి, మా దేశంలో అందరూ చప్పరించే ఉప్పు బిళ్లల పొట్లం తీసి చాచాను. సీర్పా రెండు తీసుకుని నోట్లో వేసుకుంది.

“పాత మరలు,” అంది. “బిగుసుకుంటాయిలే.”