నల్లనువ్వుల పళ్ళెం

ఏలూరులో మా మేడమీది వాటాను అద్దెకిచ్చేటప్పుడు ఒప్పందపత్రం నేనే వ్రాస్తాను. ముప్పైనాలుగేళ్ళు నీటిపారుదల శాఖలో టెండరు షరతులు వ్రాసిన చేయి ఇది. మొత్తం పద్దెనిమిది షరతులు. గోడకు మేకు కొట్టరాదన్నది కూడ విడువలేదు. కైకలూరు వైపు చేపల చెరువులు చూసుకునే అక్రమ్ అన్నిటికీ సంతకం చేసి మూడు నెలల క్రితం భార్యతో దిగాడు.

ఆ మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన వచ్చింది. నా భార్య జ్ఞానప్రసూనాంబ మేడెక్కి తన గుమ్మడి వడియాలన్నీ తెచ్చుకున్నది. కాసేపటికి అక్రమ్ తడిసిన చొక్కాతో వచ్చాడు.

"సార్, పైన నా పళ్ళెం ఒకటుండాలండి. చూశారాండి?"

"ఏమి పళ్ళెం?"

అతడు తల వంచుకున్నాడు. "తుపాకీ మందండి. చెమ్మెక్కిందని ఎండలో పెట్టి బజారుకెళ్ళానండి."

చేపలమీద పడే నీటికాకులను బెదరగొట్టడానికి చెరువుల యజమాని బాపిరాజుకు లైసెన్సు తుపాకి ఉన్నదట. కాల్చిన తూటాల ఖాళీ గొట్టాలలో ఇతడు మా నెత్తిమీద కూర్చుని మళ్ళీ మందు నింపుతున్నాడట.

"గుళ్ళు పెట్టనండి. చప్పుడు కోసమేనండి."

ఇంతలో వంటింట్లోనుంచి నా భార్య గొంతు: "ఏవండీ, ఆ నల్లనువ్వులు అక్రమ్ వాళ్ళవేనా? నాలుగు చినుకులు పడ్డాయని పొయ్యి పక్కన పెట్టాను. కాఫీ కాచేలోగా ఆ సెగకే ఆరిపోతాయి."

"వెలిగించకు!"

నేను అంత గట్టిగా అరవగలనని నాకే తెలియదు. పరుగున వెళ్ళి చూస్తే పళ్ళెం బర్నరుకు జానెడు దూరంలో ఉన్నది. లైటరు ఆమె చేతిలో ఉన్నది.

"ఇంకా నాలుగు కాలేదుగా! నిమిషం ముందిచ్చినా మీరు పుచ్చుకోరు కదా, అందుకే ఆగాను," అన్నది.

గోడ గడియారంలో నాలుగుకు మూడు నిమిషాలు తక్కువ.

అక్రమ్ పళ్ళాన్ని రెండు చేతులా పట్టుకుని పెరట్లో నీళ్ళ డ్రమ్ములో ముంచేశాడు. నేను బాపిరాజుకు ఫోను చేసి, తూటాలు నింపడానికి అనుమతి ఎవరిచ్చారని అడిగాను. ఇకమీదట దుకాణంలోనే కొంటామన్నాడు. అరగంటలో మనిషిని పంపి ఖాళీ గొట్టాలూ, సామానూ తెప్పించుకున్నాడు.

మెట్లమీద అక్రమ్ భార్య సుమయ్య కొంగు నలుపుతూ నిలబడి ఉన్నది.

"ఖాళీ చెయ్యమంటారాండి?" అన్నాడు అక్రమ్.

నేను ఒప్పందపత్రం తెప్పించి మొదటినుంచి చివరిదాకా చదివాను. తుపాకీ మందు మాట ఎక్కడా లేదు.

"మేకు కొట్టొద్దని రాశారు గానీ, ఇల్లు పేల్చొద్దని రాయలేదు మరి," అన్నది జ్ఞానప్రసూనాంబ.

"అది నా లోపమే," అన్నాను. ఆమె ఆశ్చర్యంగా చూసింది.

పంతొమ్మిదవ షరతు వ్రాశాను. అక్రమ్ చదవకుండానే సంతకం చేయబోతే ఆపి, పైకి చదివించాను. సుమయ్య మెట్లమీదే కూర్చుని గట్టిగా ఊపిరి విడిచింది.

"ఇరవయ్యోది నా మీద రాయండి. అడక్కుండా ఒకరి పళ్ళెం ముట్టనని," అన్నది నా భార్య.

కాఫీ అయిదింటికి వచ్చింది. పుచ్చుకున్నాను.