హాల్లో ప్లగ్గు

“కృపా, టీ ఎంతవరకొచ్చింది? పాస్టరుగారు వీధి మలుపులో ఉన్నారంట!” అని మా అత్తయ్య అచ్చమ్మ హాల్లోంచి కేకేసింది. ఈ శనివారం గృహకూడిక ప్రార్థన రేపల్లెలో మా ఇంటి వంతు. అల్లం దంచుతున్నానన్న మాటేగాని, నా ప్రాణమంతా హాల్లో మూలనున్న టెస్ట్ మెషీన్ మీదే ఉంది.

నేను బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తాను. కంప్యూటరులో కెర్నెల్ అని ఒకటుంటుంది, ప్రోగ్రాములన్నిటికీ మెమరీ వడ్డించే ఇల్లాలు. మా సర్వర్లలో ఎవరో ఆ మెమరీ తీసుకుని తిరిగివ్వడం లేదు. కొంచెం కొంచెంగా పోతుంది కాబట్టి ఎవరికీ పట్టదు, మెషీన్ కుప్పకూలాకే తెలుస్తుంది. అందుకని ట్రేసింగ్ పెట్టాను. ఎవరు తీసుకున్నారు, ఎవరు తిరిగిచ్చారు అని అది లోపలే కాపలా కాస్తుంది. అలాంటిది ఇంటికీ ఒకటుంటే బాగుండునని అల్లం దంచినప్పుడల్లా అనుకుంటాను. తప్పు నెట్‌వర్కుని నడిపించే డ్రైవర్ అనే ప్రోగ్రాములో ఉందని నేనంటే మా మేనేజర్ మోహనకృష్ణ నవ్వాడు. “సోమవారం రుజువు చూపించండి మేడమ్, లేకపోతే ఈ పని వేరేవాళ్ళకి ఇచ్చేద్దాం,” అన్నాడు. ఆ రుజువు కోసమే నిన్న పొద్దున్నుంచి టెస్ట్ మెషీన్లో పరీక్ష నడుస్తోంది. ఇన్వర్టరు లైనున్న ప్లగ్గు హాల్లో ఒక్కటే, అందుకే అక్కడ పెట్టాను.

టీ ట్రేతో వెళ్ళేసరికి స్క్రీను నల్లగా ఉంది. నా ప్లగ్గులో మైకు వైరుంది.

“కరెంటు పోతే మైకు ఆగిపోద్దని నేనే తీశా,” అన్నాడు మా ఆయన ఎబినేజర్. “మళ్ళీ ఆన్ చేసుకోవచ్చుగా. కంప్యూటరేగా!”

మెషీన్ ఆగిపోతే లోపల పోగైన జాడలన్నీ పోతాయి. ఏడుపొచ్చింది. ఏడుద్దామంటే చేతిలో ట్రే ఉంది. ఆయన ఇంటర్ పేపర్లు దిద్దుతుంటే నేను మిక్సీ కూడా అడిగి వేస్తాను. చాపల నిండా జనం కూర్చున్నారు, నాకేం పోయిందో చెప్పుకోవడానికి ఒక్కరు లేరు. అంత ఒంటరిగా ఎప్పుడూ అనిపించలేదు.

పాటయ్యాక పాస్టరుగారు ప్రార్థన అంశాలు అడిగారు. నా తరఫున ఎప్పుడూ అత్తయ్యే చెబుతుంది. ఈసారీ మైకు అందుకుంది. “మా కోడలికి ఇంటి మీద ధ్యాస కలగాలని ప్రార్థించండి అయ్యగారూ.”

నేను లేచాను. “నా అంశం నేను చెప్పుకుంటా అత్తయ్యా,” అని మైకు తీసుకున్నాను. “నిన్నటినుంచి చేస్తున్న పని ఇందాక మొత్తం పోయిందండి. నా మెషీన్ ప్లగ్గు ఈ ఇంట్లో ఎవరూ పీకకుండా ప్రార్థించండి.”

ఆడవాళ్ళ వైపు ఎవరో కిసుక్కున నవ్వారు. పాస్టరుగారు మాత్రం కళ్ళు మూసుకుని నిజంగానే ప్రార్థించారు. అందరూ ఆమెన్ అన్నారు.

నేను వెళ్ళి మైకు వైరు తీసేసి నా ప్లగ్గు పెట్టాను. పరీక్ష మళ్ళీ మొదటినుంచి మొదలైంది. సోమవారానికి అందుతుందో లేదో తెలీదు.

చివరి పాట మైకు లేకుండానే పాడారు. బాగానే వినపడింది.