బస్సు పండుకునే ఊరు

వకుళమాలకు రోజూ కిటికీ పక్క సీటు దొరికేది. నాకు నిలబడడానికి కూడా చోటు దొరికేది కాదు.

ఇద్దరం నంద్యాలలో ఇంటర్ చదువుతున్నాం. ఒకే తరగతి, ఒకే బెంచీ. ఆమెది అహోబిలం. వాళ్ల నాన్న శేషాద్రి గారు గుడిలో అర్చకులు. మాది శిరివెళ్ల మెట్ట నుంచి రెండు మైళ్లు లోపలికి నడవాల్సిన పల్లె. కాలేజీ వేళకు చేర్చే బస్సు, మా విద్యార్థి పాసు చెల్లే బస్సు ఒక్కటే. అది రాత్రి అహోబిలంలో పండుకునేది. తెల్లవారి అక్కడ బయలుదేరి, ఆళ్లగడ్డలో నిండిపోయి, మెట్ట దగ్గరికి వచ్చేసరికి బస్సు వాకిలి పట్టుకుని మనుషులు వేలాడుతుండేవాళ్లు. కొన్నిసార్లు ఆగేది. కొన్నిసార్లు దుమ్ము లేపి పోయేది.

నేను ఎలాగో ఎక్కి తలెత్తి చూస్తే, డ్రైవరు వెనక రెండో వరుసలో వకుళమాల పుస్తకం చదువుకుంటూ కనిపించేది. ఆమె జడలో ఒక్క వెంట్రుక చెదిరి ఉండేది కాదు. నా వోణీ ఎవరి మోచేతి కిందో ఇరుక్కుని ఉండేది. ఒకరోజు ఎవరిదో గంపలోని కోడి నా అన్నం సంచిలో ముక్కు పెట్టింది. దాన్ని తోలడానికి కూడా చెయ్యి ఆడలేదు.

"రామేశ్వరీ, పుస్తకాలు ఇటివ్వు" అని వకుళమాల నా పుస్తకాలు తీసుకుని ఒళ్లో పెట్టుకునేది. అదీ నాకు నచ్చేది కాదు. నా పుస్తకాలకు సీటు దొరికింది, నాకు దొరకలేదు.

ఒక వారంలో మూడు రోజులు బస్సు ఆగలేదు. మూడో రోజు మెట్ట నుంచి తిరిగి వచ్చి గుమ్మంలో నిలబడితే మా నాయన చెన్నకేశవులు ఎద్దులకు మేత వేస్తూ అన్నాడు.

"సగం దినాలు ఇంట్లోనే ఉండేదానికి కాలేజీ ఎందుకు మే? దసరా దాకా చూస్తా. అప్పటికీ ఇట్లే ఉంటే మానుకో."

 నాయన ముందర నేనెప్పుడూ ఏమీ అనను. ఆ రోజు లోలోపల వకుళమాలను తిట్టుకుంటూ ఏడ్చాను. ఆమె ఊర్లో బస్సు పండుకుంటుంది కాబట్టి ఆమె చదువుతుంది. మా ఊర్లో పండుకోదు కాబట్టి నేను ఎద్దులకు మేత వేస్తాను.

అయితే నాయన ఊరికే ఉండలేదు. ఊర్లో పెద్దలను వెంటబెట్టుకుని బస్సుల ఆఫీసుకు పోయి వచ్చాడు. కొత్త బస్సు లేదన్నారట. కావాలంటే అహోబిలంలో పండుకునే బస్సునే మీ ఊర్లో పండుకోబెడతాం, డ్రైవరుకు చోటూ తిండీ కుదరాలి, అతను సరే అంటేనే, అన్నారట.

డ్రైవరు సుబ్బరాయుడు ఊరు చూడడానికి వచ్చాడు. మా అవ్వ నరసమ్మ పీట వేసింది.

"అహోబిలంలో ఏం పెడతారప్పా నీకు?"

"వకుళమాల అని ఒక పాప ఉండాది, ఆ పాప వాళ్లమ్మ పంపిస్తాది. ప్రసాదమే. పులిహోర, దద్దోజనం."

"మంచిదే కదప్పా."

"మంచిదే అవ్వా. స్వామి దినామూ అదే తింటాడు. ఆయన దేవుడు. నేను డ్రైవర్ని."

అవ్వ నవ్వుతూ జొన్న రొట్టెలు పెట్టి, మీద కోడిపులుసు పోసింది. సుబ్బరాయుడు మూడు రొట్టెలు వరసగా లాగించాడు. తిని, చెయ్యి కడుక్కుని, "బస్సు నిలబెట్టేదానికి చోటు యాడుంది, చూపిచ్చండి" అన్నాడు.

అంతే. మా అవ్వ కోడిపులుసు వకుళమాల అమ్మ పులిహోరను గెలిచింది. కిటికీ సీటు ఆమెకు ఎలా దొరికేదో కూడా నాకు ఆ రోజే తెలిసింది.

బస్సు మా ఊర్లోకి వచ్చిన సాయంత్రం అందరూ బయటికి వచ్చారు. కండక్టరు సుందరరాజు ఒక ఏడాది హైదరాబాదులో పనిచేసి వచ్చినవాడు. ముందు వరుసల మీద సుద్దముక్కతో 'స్త్రీలు' అని రాశాడు.

"హైదరాబాదులో ఇంతే. ఆడోళ్ల సీట్లో మగోడు కూర్చుంటే దించేస్తారు. మిద్దె బస్సులు కూడా ఉండాయి ఆడ. మెట్లెక్కి పైన కూర్చుని పోతారు."

"వానొస్తే ఎట్లప్పా మిద్దె మీద?" అని మా పక్కింటి సుబ్బయ్య మామ అడిగాడు.

"దానికీ కప్పు ఉంటాది మామా."

"కప్పుంటే మిద్దె ఎట్లయితాది? ఇల్లయితాది."

మరుసటి రోజు పొద్దున అందరికంటే ముందు పోయి రెండో వరుసలో కిటికీ పక్కన కూర్చున్నాను. కిటికీ కడ్డీకి ఎవరో కట్టిన పసుపు దారం ఉంది. గాలి ముఖానికి తగులుతున్నా నా జడ కూడా చెదరలేదు. నంద్యాలలో దిగేటప్పుడు వకుళమాల నన్ను చూస్తే బాగుండునని ఒక్కటే కోరిక. ఆమె కాలేజీకి రాలేదు. ఆ వారమంతా రాలేదు. బెంచీలో ఆమె చోటు ఖాళీగా ఉంది. నాకు సంతోషం వేయాలి కదా, సరిగ్గా వేయలేదు.

తర్వాతి వారం వకుళమాల వచ్చింది. కాలేజీ వెనక వీధిలో వాళ్ల పిన్ని వైదేహి గారి ఇంట్లో ఉంటోందట. గంట కొట్టబోయే ముందు ఇంట్లోంచి బయలుదేరి నడిచి వస్తుందట. మధ్యాహ్నం వేడి అన్నం తిని వస్తుందట. ఇంక ఆమెకు బస్సే అక్కర్లేదు. మా ఊరంతా తిరిగి తెచ్చుకున్న నా సీటు ఒక్క పూటలో పాతదైపోయింది.

అలా నెల దాటింది. ఒక సాయంత్రం నేను బస్టాండులో సీటు పట్టుకుని కూర్చుంటే వకుళమాల బస్సు ఎక్కింది.

"కొంచెం జరుగు రామేశ్వరీ. బయలుదేరేదాకా కూర్చుంటా."

నేను కిటికీ వదలకుండానే జరిగాను. ఆమె నా మీదుగా చెయ్యి చాచి కడ్డీకున్న పసుపు దారం ముట్టుకుంది.

"ఇంకా ఉందే. మా అమ్మ కట్టింది ఇది."

"ఇంటికి పోలేదా?"

"ఎట్లా పోయేది? ఆళ్లగడ్డలో బస్సు మారాలంటే పిన్ని నన్ను ఒక్కదాన్నే పంపదు. నాన్న గుడి వదిలి రాలేడు. దసరా సెలవులకు ఎట్లాగో ఒక్కసారి వచ్చి తీసుకుపోతాడు. పోతే మళ్లీ రాను. చదువూ వద్దు, ఏమీ వద్దు." దారం మీంచి చెయ్యి తీసి అంది, "నీకేం. చీకటి పడేసరికి మీ ఇంట్లో ఉంటావు."

నీకేం అని నన్ను ఎవరైనా అనడం అదే మొదటిసారి. చెప్పకూడదు గానీ, లోపల కొంచెం బాగనిపించింది. విజిల్ వేయగానే ఆమె దిగిపోయింది. నంద్యాల దీపాల్లోకి నడిచి పోతుంటే, ఆ దీపాలు చూసి మళ్లీ కడుపు మండింది. కానీ ఇంటికి వచ్చేదాకా ఆ దారం నా కళ్ల ముందరే ఊగుతూ ఉంది.

ఆ శనివారం సుబ్బరాయుడు ఎప్పటిలాగే మా పంచలో కూర్చున్నాడు. శనివారం మా ఇంట్లో నీచు వండరు. అవ్వ రొట్టె మీద పప్పు వేసింది.

"శనివారమొస్తే నాకు నీ ఇల్లు కూడా గుడే అవ్వా" అన్నాడు నీరసంగా.

నేను తలుపు వెనక ఉన్నాను. అతనితో ఎప్పుడూ ఒక్క మాట మాట్లాడలేదు. ఆ మాట ఎలా వచ్చిందో నాకు తెలియదు.

"శనివారం ఒక్కటీ అహోబిలంలో పండుకుంటే పులిహోర ఉంటాది కదా."

అవ్వ గరిటె ఆపింది. "ఎవరు మాట్లాడింది?"

"నీ మనవరాలే. నోరుండాదే దీనికి" అన్నాడు సుబ్బరాయుడు. తర్వాత నమలడం ఆపి ఆలోచించాడు. "మాట మంచిదే. శనివారం ఆడ భక్తులు ఎక్కువ, కలెక్షన్ వస్తాది. పైవాళ్లకు ఆ మాట చెబితే ఒప్పుకుంటారు. ఆదివారం పొద్దున ఈడ కాలేజీకి పోయేవాళ్లెవరూ లేరు."

నాయన నా వైపు చూశాడు. "శనివారం నువ్వు మెట్ట దగ్గర దిగి నడిచి రావల్ల. తెలుసా?"

"నడుస్తా నాయనా."

పైవాళ్లు ఒప్పుకున్నారు. మొదటి శనివారం వకుళమాల సంచి పట్టుకుని, నూనె రాసి దువ్వుకుని, అందరికంటే ముందే బస్టాండుకు వచ్చింది.  ఆమె బస్సు మళ్లీ ఎలా వచ్చిందో ఆమెకు తెలియదు. స్వామి దయ అంది. కిటికీ పక్కన నేనే కూర్చున్నాను. శిరివెళ్ల దాకా ఆమె నా మీదుగా బయటికి చూస్తూనే ఉంది.

మెట్ట వచ్చింది. నేను లేచానో లేదో, ఆమె కిటికీ దగ్గరికి జరిగింది. నేనింకా దిగను కూడా లేదు. దిగాక, సీట్లో వదిలేసిన నా పుస్తకాలు కిటికీలోంచి అందించి, "సోమవారం కలుద్దాం" అని నవ్వింది. జడ చెదరలేదు.

ఆదివారం పొద్దున తిరిగి నంద్యాలకు పోయేటప్పుడు కూడా ఆ సీటు ఆమెదే. ఆ సంగతి నాకు బస్సు కనుమరుగయ్యాక తోచింది. దుమ్ములో రెండు మైళ్లు ఆమెను తిట్టుకుంటూ నడిచాను.