గాజు తలుపుకి అటు రాజమండ్రి

ఈ ఉదయం కడప విమానాశ్రయానికీ రాజమండ్రి విమానాశ్రయానికీ మధ్య దూరం అయిపోయింది. నిన్నటిదాకా కొండలూ కృష్ణా గోదారీ పట్టిన చోట ఇప్పుడొక గాజు తలుపు ఉంది.

తలుపుకి అవతల, రాజమండ్రి హాల్లో, పెంచలమ్మ ఏడాది కూతురు తాయారుని చంకనేసుకుని నిలబడి ఉంది. ఇవతల ఆమె అన్న ఓబులేసు, జేబులో వేలెడంత వెండి కత్తెర. ఈ రోజు తాయారుకి పుట్టువెంట్రుకలు తీయాలి. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకుని మొదటి కత్తెర వేస్తేగానీ మంగలి చెయ్యి వెయ్యడు. తాయారుకి ఉన్నది ఒక్కడే మేనమామ.

“ఎదురుగానే ఉండాది గదమ్మా. తలుపు తీస్తే నడిచి పోతా.”

“దూరం అయిపోయిందండీ, ప్రయాణ సమయం మాత్రం అలాగే ఉంది,” అంటుంది కౌంటర్లో అమ్మాయి. “విమానంలో కూర్చుని గడిపేయండి. తలుపు అదే తెరుచుకుంటుంది.”

తనిఖీ దగ్గర జవాను కత్తెర చూసి నవ్వుతాడు. కదలని విమానాన్ని దీంతో ఎక్కడికి తోలుకుపోతావులే అని వదిలేస్తాడు.

ఓబులేసు బెల్టు బిగించుకుంటాడు. కిటికీలోంచి రాజమండ్రి హాలు కనిపిస్తుంది. ఇక్కడ గడుపుతున్న సమయమంతా, పోవడానికి దారి లేక, అటువైపుకి పారుతోంది. నోట్లో పిప్పరమెంటు కరిగేలోగా తాయారు నడక నేర్చి, పలక పట్టి, ఓణీ వేస్తుంది. జుట్టు నడుము దాటి, నేల తాకి, కుర్చీల కింద నుంచి పాకుతుంది. పొది పట్టుకుని కూర్చున్న మంగలి స్థానంలోకి కొడుకొస్తాడు, కొడుకు స్థానంలోకి మనవడు.

కుర్చీలో కూర్చున్న పెంచలమ్మ తల నెరుస్తోంది. ఓబులేసు బెల్టు విప్పుతాడు.

“దిగితే అక్కడ సమయం ఆగుతుందండీ,” అంటుంది ఎయిర్‌హోస్టెస్. “తలుపు మాత్రం ఇక తెరుచుకోదు.”

కిటికీ అవతల పెంచలమ్మ అతన్ని చూస్తుంది. కూతురి జడను రెండు చేతులా ఎత్తి, ఎవరూ ముట్టుకోలేదని చూపిస్తుంది. తర్వాత అరచేత్తో సైగ చేస్తుంది: కూర్చో. మొండితనంలో అన్న కంటే ఒక ఆకు ఎక్కువే చదివింది.

ఓబులేసు కూర్చుంటాడు. మళ్ళీ తల తిప్పి చూసేసరికి ఆమె కుర్చీ ఖాళీగా ఉంది. వెక్కి వెక్కి ఏడుస్తాడు. బెల్టు మాత్రం విప్పడు.

తలుపు తెరుచుకుంటుంది. ఓబులేసు చొక్కా ఇస్త్రీ కూడా నలగలేదు. ఎదురుగా తాయారు, నడుం వంగిన ముసలమ్మ. ఆమె జుట్టు హాలంతా నిండి రన్‌వే మీద పరుచుకుని ఉంది. అది తీస్తే దిగుదామని విమానాలు పైన తిరుగుతున్నాయి.

“ఏం మావయ్యా, గంట ప్రయాణానికి ఇంతసేపా?” అంటుందామె. “నువ్వొచ్చేదాకా ఎవర్నీ చెయ్యెయ్యనివ్వొద్దని అమ్మ మరీమరీ చెప్పి పోయింది.”

“వచ్చినా గదా. రా తల్లీ.”

ఓబులేసు నేల మీద మఠం వేసుకుంటాడు. ముసలమ్మ వచ్చి ఒళ్ళో కూర్చుంటుంది. ఏడాది పిల్ల బరువే ఉంది. నుదుటి దగ్గర తడిపి, మొదటి కత్తెర వేస్తాడు.

తాయారు గుక్కపట్టి ఏడుస్తుంది. కింది చిగురులో రెండే పళ్ళు, బియ్యపు గింజల్లా, కొత్తగా మొలిచాయి. అమ్మ ఖాళీ కుర్చీ వైపు రెండు చేతులూ చాస్తుంది. ఎవరో చంకల కింద చేతులు వేసినట్టు అతని ఒళ్ళోంచి మెల్లగా పైకి లేస్తుంది. నడుమంత ఎత్తులో, గాలిలో, ఒక పక్కకి ఒరిగి కూర్చుని, ఏడుపు మానుతుంది.