ఎటువైపు పిన్ని

ఆ ఉదయం కంప్యూటరమ్మ ఎన్నాళ్ళకో తీరిగ్గా టీ తాగుతోంది. ఆసుపత్రి అడుగు అంతస్తులో, నీళ్ళ పైపుల మధ్య ఇరుక్కున్న గది ఆమెది. అసలు పేరు ఎవరికీ పట్టలేదు. కంప్యూటర్లు చూస్తుంది కాబట్టి నర్సులు మొదలుకుని డాక్టర్ల దాకా అందరికీ కంప్యూటరమ్మే. వాళ్ళింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. అందుకే ఉద్యోగాన్ని ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేస్తుంది.

ఆమె చూసేది చుట్టరికాల డేటాబేస్. అందులో ప్రతి మనిషీ ఒక చుక్క, ఇద్దరి మధ్య చుట్టరికం ఒక గీత. కొన్ని కుటుంబాల వాళ్ళకి ఆపరేషనప్పుడు ఇచ్చే మత్తు గ్యాస్ పడదు. పీల్చిన కాసేపటికే ఒళ్ళు కాలిపోతుంది, కండరాలు కర్రల్లా బిగుసుకుంటాయి, ప్రాణం మీదికొస్తుంది. అది రక్తంలో వచ్చే లోపం. అందుకని ఆపరేషనుకి ముందు పెద్ద మత్తు డాక్టరు ఆ డేటాబేస్‌ని ఒకటే అడుగుతాడు: ఈ మనిషి రక్తసంబంధీకుల్లో ఎవరికైనా గ్యాస్ పడలేదా?

జవాబు రావడానికి ఒక యుగం పట్టేది. లక్షల గీతల్లో ఒక్కొక్కదాన్నీ తాకి చూస్తూ పోవాలి మరి. "నీ మిషన్ చెప్పేలోగా పేషెంటు మత్తు లేకుండానే నిద్రపోతున్నాడమ్మా" అని ఆయన ఎద్దేవా చేసేవాడు. ఆ మాట పడలేక, పోయిన వారం ఆమె గీతలన్నిటికీ 'రక్తం', 'రక్తం కాదు' అని గుర్తులు పెట్టి, రక్తం గుర్తున్న గీతలకి మాత్రమే విడిగా ఒక పట్టీ, అంటే ఇండెక్స్, కట్టింది. ఇప్పుడు యంత్రం మిగతా గీతల జోలికే పోదు. రెప్పపాటులో జవాబు. ఆయన కిందికి దిగొచ్చి మరీ మెచ్చుకున్నాడు.

ఎదురుగా కుర్చీలో కూర్చుని చీటీలక్క ఫోన్లో మాట్లాడుతోంది. రిజిస్ట్రేషన్ కౌంటర్లో చీటీలిచ్చి, వచ్చినవాళ్ళ చుట్టరికాలు నమోదు చేసేది ఆవిడే. ఫోన్ పెట్టేసి పకపకా నవ్వింది.

"మా పిన్నే! మా అమ్మా తనూ పక్కపక్కన నిలబడితే నేనే పొరబడతాననుకో. అదే ముక్కు, అదే నోరు. నోరు మరీనూ!"

"బాబాయి భార్యకీ మీ అమ్మకీ పోలికేంటక్కా?"

"బాబాయి భార్యేంటే పిచ్చిమొహమా! మా అమ్మ సొంత చెల్లెలు. మీ ఇంట్లో అమ్మ చెల్లెల్ని పిన్ని అనరా ఏంటి?"

కంప్యూటరమ్మ టీ కప్పు పక్కన పెట్టేసింది. వాళ్ళమ్మకి తోబుట్టువులే లేరు. బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆమె నోట పిన్ని అంటే బాబాయి భార్యే, వేరే ఇంటి నుంచి వచ్చిన మనిషే. గుర్తులు పెట్టే నియమం రాస్తున్నప్పుడు పిన్ని అన్నచోట చెయ్యి ఆగనైనా లేదు. రక్తం కాదు అని రాసి ముందుకెళ్ళిపోయింది. ఇండెక్స్‌లోకి ఎక్కని గీత యంత్రం దృష్టిలో లేనట్టే.

"ఏమైందే? మొహంలో నెత్తురు చుక్క లేదు."

"ఉండక్కా. కాసేపు మాట్లాడకు."

ఇండెక్స్‌ని పక్కన పెట్టించి, ఆ రోజు ఆపరేషన్లున్న వాళ్ళందరి గురించీ పాత పద్ధతిలో, ఏ చుట్టరికాన్నీ వదలకుండా అడిగింది. తెరమీద చక్రం తిరుగుతోంది, తిరుగుతోంది. చక్రం ఆగకుండానే ఒక పేరు పడింది. కాలి ఎముక సరిచేయించుకోవడానికి వచ్చిన స్కూలు పిల్ల. పిన్నికి గ్యాస్ పడలేదు. రెండో థియేటరు.

"ఆ పిల్లా? ఇందాకే లోపలికి తీసుకెళ్ళారుగా!" అంది చీటీలక్క.

థియేటరుకి ఫోన్ చేసింది. మోగుతూనే ఉంది, ఎత్తే దిక్కు లేదు. ఫోన్ అక్కడే పడేసి పరిగెత్తింది. లిఫ్టు కోసం ఆగే ఓపిక లేదు. మెట్లెక్కింది. బాబాయి భార్యే అయ్యుండాలి, బాబాయి భార్యే అయ్యుండాలి అని లోపల్లోపల గొణుక్కుంటోంది. ఉత్తపుణ్యానికి ఆపరేషన్ ఆపించిందని ఉద్యోగం ఊడినా సరే.

తలుపు దబదబా బాదింది. నర్సు సందులోంచి తల బయటపెట్టింది.

"గ్యాస్ ఇవ్వొద్దనండి సిస్టర్!"

"అదేంటి, స్క్రీన్ మీద గ్యాస్ ఇవ్వొచ్చని పచ్చగుర్తు ఉందిగా?"

"ఆ పచ్చగుర్తు వచ్చేలా చేసింది నేనే. తప్పది. ముందు ఆపమనండి!"

నర్సు లోపలికి పరిగెత్తింది. తలుపు మూసుకుపోయింది. అప్పటికే గ్యాస్ వదిలారో లేదో తెలియదు. బల్లమీంచి ఒకాయన గబుక్కున లేచి వచ్చాడు. పిల్ల తండ్రి.

"మా పాపకేమైందమ్మా?"

"మీ పాప పిన్ని ఉన్నారు చూడండీ, ఇంతకుముందు ఇక్కడే ఆపరేషన్ అయినావిడ... ఆవిడ మీకేమవుతారు?"

"మా మరదలు."

మరదలు! తమ్ముడి భార్యా మరదలే, భార్య చెల్లెలూ మరదలే. ఆమెకి ఏడుపొక్కటే తక్కువ.

"తమ్ముడి భార్యా అండీ? మీ ఆవిడ చెల్లెలా?"

"రెండూనమ్మా. అన్నదమ్ములం మేం అక్కచెల్లెళ్ళని చేసుకున్నాం. కౌంటర్లో బాబాయి భార్యనే చెప్పాను." ఆయన మూసిన తలుపు వైపు చూశాడు. "ఆవిడకప్పుడు జ్వరం వచ్చిందన్నారంతే. ఏమైందో చెప్పవేం?"

ఆమె గోడకి ఆనుకుంది. తన నియమం సరిగ్గా రాసినా, కౌంటర్లో రాసుకున్న ఆ ఒక్క మాటతో ఈ పిల్ల గీత 'రక్తం కాదు'లోనే పడేది.

తలుపు తెరుచుకుంది. పెద్ద మత్తు డాక్టరు మాస్కు కిందికి లాక్కుంటూ వచ్చాడు.

"వట్టి ఆక్సిజన్ పెట్టాను. గ్యాస్ తిప్పబోతుంటే సిస్టర్ అరిచింది. రక్తమేనా?"

"రక్తమే సార్. అమ్మ సొంత చెల్లెలు."

ఆయన కళ్ళు మూసి తెరిచాడు. లోపలికి తిరిగి, "గ్యాస్ మిషన్ తీసేయండి. వేరేది తెండి. నరంలోకిచ్చే మందుతోనే చేద్దాం" అని కేకేశాడు. తండ్రి భుజం తట్టి, "పాప బాగానే ఉంది, కూర్చోండి" అన్నాడు.

తండ్రి కూర్చున్నాడు. కంప్యూటరమ్మ కూర్చోలేకపోయింది. వరండాకి అటూ ఇటూ మరో రెండు థియేటర్లు, రెండిటి మీదా దీపాలు వెలుగుతున్నాయి.

"సార్, పిన్నినే కాదు, పెద్దమ్మని కూడా పెదనాన్న భార్యే అనుకుని అలాగే కొట్టేశాను. మిగతావి కూడా ఆపించండి."

"ఎంతసేపు?"

"తెలీదు సార్. ప్రతి గీతా తాకి చూడాలి."

"సర్జన్లు నన్ను నమిలి మింగేస్తారు."

"నా పేరు చెప్పండి సార్. నన్నే నమలమనండి."

ఆయన ఆమెను ఒక్క క్షణం చూసి, మొదటి థియేటరు వైపు పరుగులాంటి నడకతో వెళ్ళాడు. ఆమె మళ్ళీ మెట్లు దిగింది.

చీటీలక్క తెర ముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. "ఇంకో పేరు పడిందే. పెద్దమ్మకట. మొదటి థియేటరు."

కంప్యూటరమ్మ ఫోన్ అందుకుంది. మొదటి థియేటరు నంబర్ నొక్కింది. మోగీ మోగకముందే ఎత్తారు.

"మొదటి థియేటర్ సార్, పెద్దమ్మ..."

"ఆపేశాను" అన్నాడాయన. ఆయన ఊపిరి గట్టిగా వినిపిస్తోంది. "మా జూనియర్ చెయ్యి గ్యాస్ మీట మీదే ఉంది. ఇంకా ఎవరైనా?"

తెరమీద చక్రం ఆగలేదు.

"ఇంకా తిరుగుతోంది సార్."

"తిరగనీ. నువ్వు చెప్పేదాకా ఇక్కడెవరూ దేన్నీ ముట్టుకోరు. లైన్లోనే ఉండు."

ఆమె ఫోన్ చెవికి అదిమిపెట్టుకుని, తెర వంక చూస్తూ నిలబడింది.