తట్టుకీ మీటుకీ మధ్య

ఆదివారం మధ్యాహ్నం, ఒక్కడి ఎంగిలి కంచం కడిగి బోర్లించి, చేతులు తుడుచుకుని, ఆయన గిటారు మెడలో వేసుకున్నాడు.

గిటారంటే నిజం గిటారు కాదు. తీగలుండవు. పిల్లల బొమ్మలా తేలికపాటి ప్లాస్టిక్. మెడ మీద ఐదు రంగుల బొత్తాలు, పొట్ట దగ్గర పైకీ కిందికీ ఆడే చిన్న పట్టీ. టీవీలో పాట మొదలవగానే తెర మీద రంగు బిళ్లలు రోడ్డు మీద బళ్లలా వరసకట్టి వస్తాయి. పాటలో దెబ్బ పడే క్షణానికి, వచ్చిన బిళ్ల రంగు బొత్తాం నొక్కి, పట్టీని మీటాలి. సరిగ్గా మీటితే బిళ్ల వెలుగుతుంది. తప్పితే ‘టక్’మని మొండి చప్పుడు. టక్కులు ఎక్కువైతే తెర మీది జనం గోల చేసి పాట ఆపించేస్తారు.

ఆయన పాట ఎప్పుడూ ఆగిపోయేది.

గిటారు బెల్టు ఆయన భార్య ఎత్తుకి బిగించి ఉంది. వదులు చేసుకోవడం ఎంతసేపు? ఆయన చేసుకోలేదు. అందుకని అది గడ్డం కింద చంటిపిల్లలా ఒదిగి ఉంటుంది.

కళ్లద్దాల దుకాణంలో కళ్లు పరీక్ష చేయడం ఆయన ఉద్యోగం. వచ్చినవాళ్ల ముక్కు మీద బరువైన చట్రం పెట్టి, అందులో అద్దాలు మార్చి మార్చి, “ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?” అని రోజంతా అడుగుతాడు. విసుక్కోడు. రెండూ ఒకేలా ఉన్నాయనేవాళ్లకి కూడా ఓపిగ్గా మళ్లీ చూపిస్తాడు. సాయంత్రం ఇంటికొచ్చాక మాత్రం ఏది బాగుందో అడగడానికి ఎవరూ ఉండరు.

ఆ ఆట అసలు మేనకోడలిది. ఇల్లు మారుతూ, “మామయ్యా, అక్కడ కాలు పెట్టే చోటు లేదు, నాలుగు రోజులు మీ దగ్గరుంచు” అని అట్టపెట్టె దించేసి పోయింది, మరిచిపోయింది. పెట్టె విప్పింది ఆవిడ. అప్పటికి ఆవిడకి వినికిడి పూర్తిగా పోయింది. చెవికి పెట్టుకునే మిషనుతో మాటలు కాదు, గులకరాళ్లు వినిపిస్తున్నాయని దాన్ని సొరుగులో పడేసింది.

“పాట వినపడకుండా ఎలా ఆడతావే?” అని ఆయన చేతులు తిప్పి అడిగాడు.

“మీ చెవులు ఖాళీగానే ఉన్నాయిగా, అవివ్వండి.”

అలా మొదలైంది. ఆవిడ కుర్చీలో, ఆయన పక్కనే ముక్కాలిపీట మీద. పాటలో దెబ్బ పడిన ప్రతిసారీ ఆయన వేలితో ఆవిడ మోకాలి మీద తట్టేవాడు. ఆవిడ మీటేది. రంగు ఆవిడ చూసుకునేది, దెబ్బ ఈయన చెప్పేవాడు. చెవులు ఒకరివీ చేతులు ఒకరివీ అయినా బిళ్లలు దీపాల వరసలా వెలిగేవి. ఆయన ఏమరపాటున తట్టడం మానేస్తే, “ఏంటి, నిద్రొస్తోందా వాద్యగాడికి?” అని మోచేత్తో పొడిచేది.

ఒక్కొక్క పాటా దాటుకుంటూ ఆఖరి పాట దాకా వచ్చారు. దాని మధ్యలో ఉండగా ఆవిడ మంచం పట్టింది. మళ్లీ లేవలేదు.

ఆ ఆఖరి పాట పూర్తి చేయాలి. ఆయనకి మిగిలిన పట్టుదలల్లో అదొక్కటే. అది పూర్తయితే గిటారుని పెట్టెలో పెట్టేయవచ్చు. నెలలు గడిచాయి, మొదటి పాట కూడా గట్టెక్కలేదు. చెవులున్నాయి, చేతులున్నాయి, అయినా ప్రతి దెబ్బకీ టక్, టక్. తనకి తాళజ్ఞానం లేదని సరిపెట్టుకున్నాడు. పై అంతస్తువాళ్లు ఈ గోలకి ఒక్కసారి కూడా తలుపు తట్టి విసుక్కోలేదు. వాళ్లకి మనసులోనే దణ్ణం పెట్టుకునేవాడు.

ఆ మధ్యాహ్నం తలుపు తోసుకుని మేనకోడలు వచ్చింది. ఆయన పెట్టిన ముద్దుపేరు తుఫాను. లిఫ్టులు బాగుచేసే కంపెనీలో ఇంజినీరు. పాడైన వస్తువు కంటపడితే చెయ్యి ఊరుకోదు.

చెప్పులు విప్పుతూనే నిలబడిపోయింది. “మామయ్యా, వాయిస్తున్నావా, దోమల్ని కొడుతున్నావా?”

“నీ ఆటేగా, నువ్వే చూడు. నన్ను చూస్తే దానికి పడట్లేదు.”

గిటారు లాక్కుని తనూ మొదలుపెట్టింది. టక్. టక్. టక్.

“నేను తప్పడమేంటి! కాలేజీలో నన్ను కొట్టినవాళ్లు లేరు.” మొహం ఎర్రబడింది. ఏవో బొత్తాలు నొక్కి, తెర మీద ఎక్కడెక్కడికో వెళ్లింది. “ఇదిగో దొంగ. మామయ్యా, మొదట్లో ఒక పరీక్ష ఉంటుంది, గుర్తుందా? ఊరికే టిక్ టిక్ మంటుంది, ప్రతి టిక్కుకీ మీటాలి. మనం ఎంత ఆలస్యంగా మీటితే ఆట అంత ఆలస్యంగా ఎదురుచూడటం నేర్చుకుంటుంది. ఇక్కడెవరో బాగా ఆలస్యంగా మీటారు. నువ్వు సరిగ్గానే వాయిస్తున్నావు, పాపం. అదే నువ్వు తొందరపడ్డావనుకుంటోంది.”

“ఆగమ్మా, అది…”

“అయిపోయింది, సరిచేసేశాను. ఊఁ, వాయించు.”

వాయించాడు. మొదటి బిళ్ల వెలిగింది. రెండోది. మూడోది. తెర మీది జనం చేతులెత్తి ఈలలు వేశారు. తుఫాను సోఫా ఎక్కి తనూ ఈల వేసింది. “ఆఖరిది పెట్టు మామయ్యా, ఆఖరిది!”

ఆఖరి పాట పెట్టాడు. అదీ సాగింది. ఆవిడ ఆగిపోయిన చోటు వచ్చింది, దాటింది కూడా. చెవిన పడ్డ దెబ్బ చెవిన పడ్డట్టే చేతిలోకి దిగుతోంది. మధ్యలో ఏమీ లేదు. ఆయనకి ఆ పరీక్ష పెట్టుకున్న రోజు గుర్తొచ్చింది. టిక్కు తను విని, మోకాలి మీద తట్టి, ఆ తట్టు ఆవిడ ఒంట్లోంచి చేతికి చేరి, అప్పుడు మీటు. ఇన్నాళ్లూ ఆట ఎదురుచూసింది ఆ కాస్త సేపు కోసమే. తను తాళం తప్పలేదు. ఆవిడ వచ్చేలోపే వాయించేస్తూ వచ్చాడు.

పాట ఇంకాస్తే ఉంది. ఆయన చెయ్యి తీసేశాడు. టక్కులు పడి, జనం గోల చేసి, పాట ఆగింది.

“అయ్యో, అదేంటి మామయ్యా!”

“పాతదే పెట్టేయమ్మా.”

“పాతదా? ఎందుకు?”

“అది మీ అత్తయ్యది. నేను తడుతుంటే తను మీటింది.”

తుఫాను మళ్లీ తెర వైపు తిరిగి వెతికింది. “అంతకుముందు ఎంతుందో చూడలేదు మామయ్యా. చెరిపేశాను” అంది.

ఆయన కిటికీ వైపు చూశాడు. ముక్కాలిపీట మీద ఎండ పడి ఉంది. “నీకేం తెలుసు తల్లీ. బాగుచేద్దామనేగా చేశావు. టీ పెడతానుండు.”

“టీ తర్వాత.” చెవుల్లో దూది కుక్కుకుని, గిటారుతో కుర్చీలో కూర్చుంది. “ఆ పరీక్ష మళ్లీ పెడతా. నువ్వు తట్టు, నేను మీటుతా. అలాగే వస్తుంది.”

తట్టాడు. ఆ పిల్ల మీటింది. తర్వాత ఆయన గిటారు తీసుకుని వాయించి చూస్తే టక్కులే పడ్డాయి. కానీ ఆ టక్కులు కావు.

“ఇది నీది. నీ చెయ్యి చురుకు. తను తట్టు పడ్డాక ఒకసారి ఒప్పుకుని, అప్పుడు మీటేది.”

“మరెలా?”

ఆయన తన చేతుల వైపు చూసుకున్నాడు. “ఇన్ని నెలలు తప్పాను కదే. ఎంత తప్పేవాడినో నా చేతులకి తెలుసు. నువ్వు ఆ ఆలస్యాన్ని కొంచెం కొంచెం జరుపుతూ ఉండు.”

కళ్లు మూసుకుని మీటాడు. టక్. తుఫాను జరిపింది. మళ్లీ టక్.

“ఇది బాగుందా,” అంది ఆ పిల్ల నెమ్మదిగా, “ఇందాకటిది బాగుందా?”

ఆయన పెదవులు కదిలాయి. బతుకంతా ఆ ప్రశ్న అడిగినవాడే తప్ప జవాబు చెప్పినవాడు కాడు. రెండూ ఒకేలా ఉన్నాయనేవాళ్ల అవస్థ ఇప్పుడర్థమైంది.

“ఇందాకటిది. కాదుండు. ఇంకాస్త అటు.”

టక్.

“మరీ అటు పోయావు. వెనక్కి రా.”

టక్.

ఆయన చెయ్యి ఆగిపోయింది. రోజూ సాయంత్రం గుండెలో ఎక్కడ తగిలేదో సరిగ్గా అక్కడే తగిలింది.

“ఇదే.”

“ఖాయమేనా మామయ్యా?”

“ఇంత బాగా ఇంకెక్కడా తప్పలేను.”

తుఫాను నవ్వబోయి, కళ్లు తుడుచుకుని, దూది కోసమన్నట్టు చెవులు తడుముకుంది. టీ తాగారు. అంతలో ఎక్కడో లిఫ్టు ఆగిపోయి మనుషులు ఇరుక్కున్నారని ఫోనొచ్చింది. “వచ్చే ఆదివారం వస్తా. పెట్టె మాత్రం తిరిగి తీసుకోను, నాకు చోటు లేదు” అని చెప్పులు సగమే తొడుక్కుని పరుగెత్తింది.

మెట్ల మీద అడుగుల చప్పుడు పోయింది. ఇల్లు మళ్లీ ఎప్పటిలా అయింది.

ఆయన ముక్కాలిపీటని కుర్చీ పక్కకి జరిపాడు. ఇన్నాళ్లూ పీట మీదే కూర్చుని వాయించాడు. ఇవాళ ఆవిడ కుర్చీలో కూర్చున్నాడు. చేతులు రెండూ గిటారుకే సరిపోయాయి, తట్టడానికి వేలు లేదు. మడమ ఎత్తి పీట కాలికి ఆనించాడు. పాట మొదలైంది. దెబ్బ వినపడింది. మీటలేదు. మడమతో పీటని తట్టాడు, ఆ తట్టు కాలి ఎముక వెంట మోకాలి దాకా రానిచ్చాడు, ఒకసారి ఒప్పుకున్నాడు, అప్పుడు మీటాడు.

బిళ్ల వెలిగింది.

రెండోదానికి తొందరపడ్డాడు. టక్. మూడోది కూడా పోయింది. కాసేపటికి జనం గోల చేశారు, పాట ఆగింది.

ఆయన పొట్టి బెల్టుని భుజం మీద సర్దుకుని, మొదటి నుంచి పెట్టి, మడమ ఎత్తాడు.