ఎదుటివాదన కుర్చీ

ఆ యూనివర్సిటీ లా విభాగంలో ఒక కుర్చీ ఉంది. దానికి చేతులు లేవు, వెన్ను ఆనదు. పీహెచ్‌డీ వైవా రోజున అభ్యర్థి ముందుగా అందులో కూర్చోవాలి. ఎవరి మాటను కాదనబోతున్నామో వాళ్ళ వాదనను వాళ్ళ తరఫున వినిపించాలి. వాళ్ళు “అవును, ఇదే నా వాదన” అని ఒప్పుకున్నాకే లేచి నిలబడి ఖండించే హక్కు వస్తుంది. మామూలుగా ఆ పెద్దలు ఎప్పుడో కాలం చేసి ఉంటారు కాబట్టి వాళ్ళ బదులు గైడే తల ఊపేసి పని కానిచ్చేస్తాడు. అందుకే ఆ కుర్చీని చూసి ఎవరూ పెద్దగా జడిసింది లేదు.

ఫుట్‌నోటు అనే అమ్మాయి విషయంలో మాత్రం, ఆమె కాదనబోతున్న పెద్దావిడ నిక్షేపంలా బతికే ఉంది. పైగా పరీక్షకురాలిగా వచ్చి ఎదురుగా కూర్చుంది.

ఫుట్‌నోటన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. ఏ పుస్తకం తెరిచినా ముందు అడుగున ఉన్న చిన్నక్షరాలు చదువుతుందని తోటివాళ్ళు తగిలించారు, అది అతుక్కుపోయింది. ఇప్పుడు అదే విభాగంలో తాత్కాలికంగా పాఠాలు చెబుతోంది. ఈ రోజు గట్టెక్కితే ఉద్యోగం ఖాయం. లేదంటే వచ్చే టర్ముకి ఆమె బల్ల ఇంకొకరిది. తల్లి పోయాక పెంచి పెద్దచేసిన అక్క ఆస్పత్రిలో నర్సు. డ్యూటీ దిగి, యూనిఫాం కూడా మార్చుకోకుండా వచ్చి ఆఖరి వరసలో కూర్చుంది.

థీసిస్ అంతా ఒక్క తీర్పు మీదే. ఒక ముసలావిడ అద్దె ఇంట్లో ఉండేది. ఆవిడ బాగోగులు చూసుకుంటూ ఇంకొకావిడ ఏళ్ళ తరబడి అదే ఇంట్లో ఉంది. చుట్టమూ కాదు, దత్తతా కాదు. ముసలావిడ పోగానే ఓనరు ఇల్లు ఖాళీ చేయమన్నాడు. ఒప్పందంలో పేరు లేనివాళ్ళకి హక్కు లేదని కోర్టు తేల్చింది. అది తప్పనీ, వాళ్ళ మధ్య ఉన్న ప్రేమను కోర్టు లెక్కలోకి తీసుకుని ఉండాల్సిందనీ ఫుట్‌నోటు లావుపాటి థీసిస్ రాసింది. ఆ తీర్పు చెప్పినావిడే, విభాగమంతా జడ్జమ్మ అని పిలిచే మనిషే, ఇప్పుడు కళ్ళజోడు తుడుచుకుంటూ ఎదుట కూర్చున్నది. మనిషి రిటైరైంది గాని చూపు రిటైరవలేదు.

ఆవిణ్ణి పిలిచింది స్వయానా గైడే. ఆ సంగతి తెలిసి ఫుట్‌నోటు లబలబలాడింది. గడ్డిబొమ్మను కొట్టి పడేసి పహిల్వాన్ననుకుంటే లాభం లేదమ్మా అని ఆయన తాపీగా కొట్టిపారేశాడు. నెలల తరబడి తన గదిలో సాధన చేయించాడు. జడ్జమ్మ తరఫున ఆమె మాట్లాడినప్పుడల్లా ఎక్కడో ఒకచోట వెటకారం తొంగిచూసేది. ఆయన పట్టుకుని మళ్ళీ మొదటికి పంపేవాడు.

వైవా రోజున హాల్లో ఆమె ఆ కుర్చీలో కూర్చుంది. చట్టంలో ఉన్నదే జడ్జి చెప్పాలి, లేనిది కల్పించకూడదు అని మొదలుపెట్టింది. జడ్జమ్మ అడ్డంగా తల ఊపింది. ఓనర్లకి నమ్మకం పోతే ఇళ్ళు అద్దెకే ఇవ్వరు అని ఇంకో దారి తొక్కింది. తల మళ్ళీ అడ్డంగానే ఊగింది. ఎవరో దగ్గారు. వెనక అక్క చేతిసంచీని గట్టిగా పట్టుకుంది.

అప్పుడు ఫుట్‌నోటు తన థీసిస్‌ను మనసులో పక్కకు నెట్టేసింది. ఆ తీర్పు రాసిన మనిషి ఆ పూట దేనికి భయపడి ఉంటుందా అని ఆలోచించింది. ఇన్నేళ్ళలో ఆ ఆలోచన ఒక్కసారైనా రాలేదే అని సిగ్గేసింది కూడా.

“ఆవిడకి హక్కు ఇవ్వాలంటే వాళ్ళ మధ్య ప్రేమ ఉందో లేదో నేను తేల్చాలి,” అంది నెమ్మదిగా. “ఈ రోజు ఆవిణ్ణి అడుగుతాను. రేపు ఇంకో ఇంట్లో భార్యాభర్తల్ని అడుగుతాను, తల్లీకొడుకుల్ని అడుగుతాను. ఎవరు ఎవరికి అన్నం పెట్టారు, ఎవరు ఎవరి మంచం పక్కన కూర్చున్నారు, ఎవరిది నటన అని బోనులో నిలబెట్టి అడుగుతాను. అంత అధికారం నాకు ఉండకూడదు. కాగితం చూసి తీర్పు చెబితే నన్ను కఠినురాలంటారు, అననీ. జనం ఇళ్ళ గడప బయటే ఉంటాను.”

జడ్జమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. “ఇదే నా వాదన,” అంది. “ఇంత బాగా నేను రాయలేకపోయాను.”

హాలంతా చప్పట్లు. వాళ్ళకేం, కొడతారు. లేచి నిలబడ్డాకే ఫుట్‌నోటుకి అసలు సంగతి తట్టింది. ప్రేమను తూచమని థీసిస్‌లో రాసింది తనే, ఆ తూకం వద్దని ఇప్పుడు నోరారా చెప్పిందీ తనే. ఎదుటి పక్షాన్ని అంత దివ్యంగా గెలిపించి తన కొంప తానే ముంచుకున్న ప్లీడరు ఇంకొకరు ఉండరు. చివరికి నా దగ్గర దీనికి జవాబు లేదండీ అనేసింది. గైడు కిటికీ వైపు తల తిప్పుకున్నాడు. ఉద్యోగం పోయినట్టేనని ఆమెకు అర్థమైంది.

జడ్జమ్మ లేచింది. మోకాళ్ళ నొప్పులు కాబోలు, బల్ల పట్టుకుని మెల్లగా చుట్టూ తిరిగి వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది. పరీక్షకులెవరూ అందులో కూర్చున్న దాఖలా లేదు. నీ వాదన నేను చెబుతాను, నీదో కాదో నువ్వు చెప్పు అంది.

“కోర్టు ఆ ఇంట్లోకి వెళ్ళక్కర్లేదు. ఓనర్ని అడిగితే చాలు. కప్పు కారినప్పుడు నువ్వు ఎవరితో మాట్లాడావు? అద్దె ఎవరి చేతి నుంచి తీసుకున్నావు? తాళం మారిస్తే కొత్త తాళంచెవి ఎవరికిచ్చావు? ఇన్నేళ్ళూ ఆవిణ్ణి ఇంటిమనిషిగా చూసినవాడివి, ఈ రోజు ఎవరో తెలియదంటే ఎలా? వాళ్ళ ప్రేమ సంగతి మాకెందుకు. నీ నడతకి నువ్వు కట్టుబడు.”

ఒక మనిషి తాను కట్టిన గోడను తన చేత్తోనే, ఏమాత్రం నొచ్చుకోకుండా, ఇటుక ఇటుకగా విప్పడం ఫుట్‌నోటు ఎన్నడూ చూడలేదు. చదువంటే ఇదా, ఇంత పెద్దదా అనిపించి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“ఇది నా వాదన కాదండీ,” అంది. “నేను ఇంత దూరం రాలేదు. ఓనరు వైపు చూడాలని నాకు తట్టనేలేదు.”

“నాకూ ఇప్పుడే తట్టింది, నా భయాన్ని నువ్వు నా ముందు పెట్టాక. మనిద్దరిలో ఎవరిదీ కాదు. తీసుకుని రాయి.”

చివరి అధ్యాయం తిరగరాయాలనే షరతు మీద పట్టా ఇవ్వవచ్చని పరీక్షకులు సంతకాలు చేశారు. గైడు ముఖం చూడాలి, పట్టా తనకే వచ్చినంత సంబరం.

జనం పలచబడ్డాక వరండాలో అక్క పట్టుకుంది. తనకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు, ఇంతకీ గెలిచావా ఓడావా సూటిగా చెప్పమంది. ఉద్యోగం ఉంటుందని చెప్పింది ఫుట్‌నోటు.

“మరి ఆ ఏడుపెందుకే?”

“వచ్చేస్తుంటే జడ్జమ్మ ఒక మాట అడిగిందక్కా. ఇల్లు ఖాళీ చేశాక ఆవిడ ఎటు వెళ్ళిందో నీకేమైనా తెలిసిందా అని.”

“తెలిసిందా?”

ఫుట్‌నోటు తల దించుకుంది. “ఇన్నేళ్ళు ఆవిడ గురించే రాశాను. ఎక్కడుందో వెతకాలని ఒక్కరోజూ తోచలేదు. తెలియదని చెప్పాను.”

“ఏమందీ?”

“కలిసి వెతుకుదాం, రేపు పొద్దున్న రమ్మంది.”